తోడువాళ్ళ సత్రం

కిందటి వారం కథలో సంచి బాబాయిని ఆసుపత్రి సత్రం గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. అతనింకా అక్కడే ఉన్నాడు. పైన వార్డులో అతని అక్క పడుకుని ఉంది. రేపు పొద్దున ఆమె గుండెకు ఆపరేషన్. ఈ రాత్రి గడవాలి, పిలిస్తే పలికే దూరంలో మీ మనిషి ఎవరైనా ఉండండి అని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

పిలిస్తే పలికే దూరమంటే ఈ సత్రమే. పొద్దుగూకగానే ఆసుపత్రి గేటు మూస్తారు. ఆ తర్వాత వార్డువాళ్ళకు రోగి తాలూకు మనిషి కావలసివస్తే సత్రం గోడమీది మైకు డబ్బాలో పిలుస్తారు. ఫోన్లున్నాయి కదా అనొచ్చు. వార్డు నర్సమ్మకు ఒక చేతిలో సూది, ఒక చేతిలో సీసా. ఫోను కలిపి, అవతల ఎత్తక, మళ్ళీ కలిపే తీరిక ఆమెకెక్కడిది? మీట నొక్కి డబ్బాలో చెబుతుంది. లోపల మంచం దొరికినవాడికి వినపడుతుంది. దొరకనివాడు రోడ్డు మీదుంటాడు.

సత్రం ఆవిడ అడిగింది చిన్న మాటే.

"మీ రోగి పేరేంటి?"

అతనికి నోరు పెగల్లేదు.

ఇదే గుమ్మంలో ఇంతకుముందు చాలాసార్లు నిలబడ్డాడు. అప్పుడు కాపలా వేరే ఆయన. మా చిన్నాన్న అనేవాడు, మా బావమరిది అనేవాడు, నోటికొచ్చిన పేరు చెప్పేవాడు. మాట తడబడింది లేదు. అప్పుడు పైన రోగి లేడు. ఇప్పుడు సొంత అక్క ఉంది. పేరు గొంతు దాటి రావడం లేదు.

అతను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. నగరంలో డాబామీద ఒక్క గది. వారమంతా తడిరాయి ముందు కూర్చుని అద్దం అంచులు నున్నగా చేస్తాడు. సెలవు దొరికితే భుజాన సంచి వేసుకుని ఏదో ఒక ఊరు పోతాడు. కాలికి బలపం కట్టుకు పుట్టాడంటారు ఇంట్లో. తక్కువలో తిరగడం ఎలాగో ఫోనులో మాట్లాడి, రికార్డు చేసి అందరికీ పెడతాడు. సంచి బాబాయి అంటూ దాన్ని వినేవాళ్ళున్నారు, బాగానే ఉన్నారు. రెండు జతల బట్టలకు మించి మొయ్యొద్దు. సాయంత్రం ఉతికిన చొక్కా పొద్దున ఆరకపోతే ఒంటిమీదే ఆరుతుంది. కొత్త ఊళ్ళో భోజనం ఎక్కడ బాగుంటుందో హోటలువాణ్ణి అడక్కు, బస్సు కండక్టర్ని అడుగు. బేకరీ మూసేవేళకు పోతే రొట్టె సగానికొస్తుంది. ఇలాంటివి. వాటిలో జనానికి బాగా నచ్చింది ఒకటుంది. ఏ ఊళ్ళోనైనా పెద్దాసుపత్రి చూసుకోండి, రోగులకు తోడొచ్చినవాళ్ళకని సత్రం ఉంటుంది, మంచం దాదాపు ఊరికే వస్తుంది, లోపల మావాడున్నాడంటే చాలు అని. ఈ సత్రం గురించే ప్రత్యేకంగా చెప్పాడు. నీళ్ళు బాగుంటాయి, దోమలు తక్కువ అని.

"పేరు గుర్తు లేదా?" అంది సత్రం ఆవిడ.

ఆమెకు యాభై దాటి ఉండవు. బూడిదరంగు పనికోటు, మోచేతి దాకా మడిచిన చేతులు, నడుముకు తాళాల గుత్తి. గొంతు పెద్దది చెయ్యదు. పశువుల సంతలో పళ్ళు పట్టి చూసేవాడికుండే నిదానం ఉంది ఆ కళ్ళకు.

"మా అక్కండీ" అని, ఎలాగో పేరు చెప్పాడు.

"ఏ వార్డు?"

చెప్పాడు.

"ఏం జబ్బు?"

చెప్పాడు. ఆమె తల ఊపలేదు. వెనక బెంచీమీద ఒక లారీ డ్రైవరు కూర్చుని కాళ్ళు పిసుక్కుంటున్నాడు. వాళ్ళ నాన్న పైనున్నాడు.

"పెద్దాయనా, ఈ పరీక్ష నేనూ రాశాను" అన్నాడు డ్రైవరు. "మా నాన్న కుడిచెవి వినపడదా, ఎడమచెవి వినపడదా అని కూడా అడిగింది. నాకు డ్రైవింగ్ లైసెన్సు తేలిగ్గా వచ్చింది."

"నోరు తక్కువ ఆడించి, కాళ్ళు ఎక్కువ పిసుక్కో" అంది ఆవిడ అటు తిరక్కుండానే.

వాన మొదలైంది. సంచి బాబాయి చెప్పులు విడిచి, గుమ్మం పక్కన మూలకు నెట్టి, తడవకుండా పైన గోనెపట్టా కప్పాడు. ఆ పట్టా తలుపు వెనక ఉంటుంది. బయటికి కనపడదు. ఆమె అది చూసింది.

"మీరింతకుముందు ఇక్కడ ఉన్నారు."

అతను పట్టా అంచు మళ్ళీ సర్దాడు.

"ఎవరికి తోడుగా?"

డ్రైవరు పిసకడం ఆపాడు.

"సరే" అంది ఆవిడ. "వార్డు నర్సు సంతకం పెట్టిన తోడుచీటీ తీసుకురండి. ఒక రోగికి ఒకే మంచం. గేటు మూసేలోపు వస్తే ఇస్తాను. లేకపోతే లేదు."

అతను మెట్లెక్కాడు.

* * *

అక్క దిండుకు చేరబడి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా మెడకింద గుంట పడుతోంది. వాళ్ళమ్మ పోయినప్పుడు ఇతనికి అన్నం తినడం కూడా సరిగా రాదు. అక్కే పెంచింది. అందుకని ఇతనికి పెళ్ళి కుదరలేదంటారు కొందరు. అక్కలాంటిది ఇంకెక్కడ దొరుకుతుందని.

"మంచం దొరికిందా?" అంది.

"చీటీ కావాలట."

"నిన్ను చీటీ అడిగారా?" అక్క నవ్వబోయి దగ్గింది. "ఊరూరా ఊరికే పడుకునేవాడివి. నిజంగా పనిపడ్డప్పుడు దొరకలేదన్నమాట."

"దొరుకుతుందిలే. నువ్వు మాట్లాడకు."

"మాట్లాడకపోతే భయమేస్తోందిరా." ఊపిరి అందుకుంది. "కళ్ళు తెరిచేసరికి మీ ఇద్దర్లో ఎవరో ఒకరు కనపడాలి. అంతే. ఎవరైనా పర్లేదు."

అతను ఆమె పాదాలమీద దుప్పటి సర్దాడు. అది సర్దేపనేం లేదు. సర్దాడు.

మేనకోడలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. పిచ్చుక అంటారు ఇంట్లో. కుదురుగా ఒకచోట ఉండదని. మేనమామ చెప్పినవన్నీ విని, సంచి ఒకటి కుట్టించుకుని, చదువైన ఏడాది ఒక్కత్తే ఊళ్ళు తిరిగొచ్చింది. అక్కడినుంచి పంపిన ఫొటోలు చూసి అతను దుకాణంలో అందరికీ చూపించి మురిసిపోయాడు. ఇవాళ పొద్దున్నుంచి ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు. తల్లికి బాగోలేదు కాబట్టి అనుకున్నాడు.

"పిచ్చుకా, నర్సమ్మతో సంతకం పెట్టించుకో. కిందికి వచ్చి మంచం నువ్వు తీసుకో. ఆవిడకు నామీద నమ్మకం కుదరలేదు. నీ ముఖం చూస్తే అమ్మ కూతురివని తెలుస్తుంది. నేను గేటు బయట ఎక్కడో ఒకచోట ఉంటాను."

"నేను రాను మావయ్యా."

"ఎందుకు?"

"నువ్వే ఉండు. నేను బస్టాండులో ఉంటాను."

"బస్టాండేంటే, ఆడపిల్లవి. మతుండే మాట్లాడుతున్నావా?"

ఆ పిల్ల తల్లివైపు చూసి, అతని చెయ్యి పట్టుకుని మెట్లదాకా లాక్కొచ్చింది. మెట్ల మలుపులో గోడకు రంగు పోయి ఉంది. అందరూ అక్కడే వీపు ఆనించి ఏడ్చివుంటారు. ఆ పిల్లా అక్కడే ఆనింది. ఏడవలేదు.

"కిందటి వానాకాలం నేనిక్కడికి వచ్చాను."

"తెలుసుగా. నేనే చెప్పానుగా నీళ్ళు బాగుంటాయని."

"మంచం ఎలా తీసుకున్నానో తెలుసా?"

అతను ఒక మెట్టు కిందికి దిగి ఆమెవైపు తిరిగాడు.

"రోగి పేరు అడిగారు. నాకు అబద్ధం పేరు చెప్పడానికి భయమేసింది. రిజిస్టరులో చూస్తే దొరికిపోతాననిపించింది. నువ్వు అది చెప్పలేదు కదా, పేరు లేకపోతే ఏం చెయ్యాలో. అందుకని పైకొచ్చాను. వార్డు బయట నల్లబల్ల ఉంది చూడు, రోగుల పేర్లు సుద్దముక్కతో రాసి ఉంటాయి. అందులోంచి ఒక పేరు తీసుకున్నాను. మా పెదనాన్న అని చెప్పాను. అప్పటి కాపలా ఆయన పైకి ఫోన్ చేసి అడిగాడు. ఆ పేరు ఉందన్నారు. మంచం ఇచ్చేశాడు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను మావయ్యా."

మెట్లమీద ఎవరో గ్లాసుల బుట్టతో దిగిపోయారు. ఇద్దరూ పక్కకు జరిగారు.

"తెల్లారుజామున ఆ పేరు డబ్బాలో పిలిచారు."

"ఎవర్ని?"

"నన్నే. ఆ రోగి తాలూకు మనిషిని. అంటే నన్నే కదా." ఆ పిల్ల గోడమీది పెచ్చు గోటితో గీకింది. "నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. వాళ్ళవాళ్ళు వేరే ఎవరో ఉంటారు, వాళ్ళు వెళ్తారు అనుకున్నాను. మళ్ళీ పిలిచారు. పక్క మంచం ముసలావిడ నన్ను తట్టింది, నిన్నే అమ్మాయీ అని. నిద్రపోతున్నట్టు ఉండిపోయాను."

"తర్వాత?"

"పొద్దున్నే సంచి తీసుకుని బయటికొస్తుంటే గేటు తీశారు. ఒకావిడ తడిబట్టలతో లోపలికొచ్చింది. కాపలా ఆయనతో అంటోంది, మా ఆయనకు తోడుగా మావాళ్ళ పిల్లెవరో వచ్చిందన్నారు కదా రాత్రి, ఆ పిల్ల లేచిందా అని. నేను ఆవిడ పక్కనుంచే వెళ్ళాను. తలొంచుకుని వెళ్ళాను. ఆవిడ నా ముఖం చూడలేదు." పిల్ల మెట్ల కిందికి చూసింది. "ఇప్పుడు కింద తాళాలు కట్టుకుని కూర్చుందే, ఆవిడే మావయ్యా. పొద్దున అమ్మని లోపలికి తెస్తుంటే చూశాను. ఆవిడే."

ఎద్దుకు ముల్లుకర్ర తగిలితే చర్మం ఒక్కచోటే అదురుతుంది. అతని చెంప అలా అదిరింది. ఇంకేం కదల్లేదు. ఫోనులో ఆ మాట చెప్పిన సాయంత్రం గుర్తుకొచ్చింది. డాబామీద కూర్చుని టీ తాగుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. ఒక మంచమే కదా అన్నాడు.

"నువ్వు చేసింది నేను చెప్పిన పనే" అన్నాడు చివరికి.

"పేరు తీసుకోమని నువ్వు చెప్పలేదు."

"లోపల మావాడున్నాడనమన్నాను. లేనివాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తావు? ఎవరివాణ్ణో తెస్తావు." జేబులు తడుముకున్నాడు. వాటిలో ఏం లేదు. "అమ్మ దగ్గర కూర్చో. సంతకం పెట్టించు. నేను కిందికెళ్తాను."

"చెప్తావా?"

"నా సంగతి చెప్తాను. నీ సంగతి నీది."

"చెప్తే మంచం ఇవ్వదు. గేటు మూస్తే అమ్మ పిలిస్తే ఎవరూ ఉండరు."

అది అతనికీ తెలుసు. మెట్లు దిగుతున్నంతసేపూ కాళ్ళకు తెలుస్తూనే ఉంది.

* * *

సత్రం ఆవిడ దుప్పట్లు మడుస్తోంది. మడతకు మడతకు మధ్య అరచేత్తో ఒక రుద్దు. డ్రైవరు టీకి పోయాడు. పొడుగాటి గది. మధ్యలో చెక్కతడిక, అటు ఆడవాళ్ళు, ఇటు మగవాళ్ళు. మంచాలన్నీ ఇనపవి. ఎవరో నిద్రలో మూలుగుతున్నారు.

"చీటీ తెచ్చారా?"

"మా మేనకోడలు తెస్తుందమ్మా. నేను వేరే మాట చెప్పడానికి వచ్చాను." సంచి కింద పెట్టాడు. "ఊరికే మంచం దొరుకుతుందని ఊళ్ళోవాళ్ళను ఇక్కడికి పంపించే మనిషి ఒకడున్నాడు. సంచి బాబాయి అంటారు. అది నేనే."

ఆమె మడత ఆపలేదు.

"తెలుసు."

"ఎలా?"

"ఇక్కడ దొరికిపోయినవాళ్ళు ఏడుస్తూ ఫోన్లు తీసి చూపిస్తారు. మేం తప్పు చెయ్యలేదు, ఈయన చెప్పాడు అని. మీ మాటలు చాలాసార్లు విన్నాను. చొక్కా ఒంటిమీద ఆరుతుందన్నారు చూడండి, అది నాకు నచ్చింది కూడా." దుప్పటి దొంతరమీద పెట్టింది. "గుమ్మంలో మీరు నోరు తెరవగానే పోల్చాను. అక్క పేరు చెప్పడానికి తడుముకున్నారు కదా. అప్పుడే మీకు నిజంగా అక్క ఉందనుకున్నాను. దొంగపేర్లు చెప్పేవాళ్ళు తడుముకోరు."

అతను తలొంచుకున్నాడు. తిట్టినా బాగుండేది. తిట్టు వాననీళ్ళలాంటిది, పడి పోతుంది. ఇది బావినీళ్ళలా నిలకడగా ఉంది.

"మీ ఆయన సంగతి విన్నాను" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"పైన."

పైన అంటే ఎవరో ఆమె అడగలేదు. బెంచీమీద కూర్చుంది. మోకాళ్ళమీద చేతులు పెట్టుకుంది.

"నేను బట్టలు తేవడానికి ఇంటికెళ్ళాను. బస్సు ఆలస్యమై గేటు మూసేవేళకు వచ్చాను. మీ రోగికి మనిషి వచ్చింది, మంచం అయిపోయింది, ఒక రోగికి ఒకటే అన్నాడు అప్పటాయన. ఎవరు అంటే ఎవరో అమ్మాయి, పెదనాన్నట అన్నాడు. ఆయనకు తమ్ముళ్ళున్నారు. మాటల్లేవు వాళ్ళతో. పొలంగట్టు దగ్గర తగువు. ఎవరి కూతురో తెలుసుకుని వచ్చిందేమో అనుకున్నాను. ఎంత సంతోషమేసిందో తెలుసా అండీ? పోన్లే, ఇన్నాళ్ళకు రక్తం కదిలింది, ప్రయాణం చేసి అలిసి ఉంటుంది, పిల్లను లేపొద్దు అనుకున్నాను. బస్టాండులో తడుస్తూ కూర్చుని కూడా నవ్వుకున్నాను. పొద్దున ఆ పిల్లకు ఏం పెట్టాలా అని ఆలోచించాను."

గదిలో మూలుగు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"పొద్దున పైకెళ్తే మంచం ఖాళీ. నర్సమ్మ డ్యూటీ మారిపోయింది. కొత్తమ్మాయి నిద్రలోనే పోయాడండీ అంది. అందరికీ అలాగే చెప్తారు."

"అమ్మా, నన్ను ఏమన్నా అనండి."

"మిమ్మల్ని అంటే నాకేం వస్తుంది?" నిజంగానే అడిగినట్టు అడిగింది. "ఈ పని నేనే అడిగి తీసుకున్నాను. ఇంకొకరికి అలా కాకూడదని తీసుకుంది, ఆవిడ మంచిది అని అందరూ అంటారు. మంచితనం కాదండీ. ఆ పిల్ల మళ్ళీ వస్తుందేమోనని. ఊళ్ళు తిరిగేవాళ్ళు నచ్చిన చోటికి మళ్ళీ వస్తారని మీరే అన్నారు ఆ ఫోను మాటల్లో. మీ మాట విన్నవాళ్ళు మీకు రాస్తారట కదా. కిందటి వానాకాలం ఇక్కడ పడుకున్న పిల్లెవరో మీకేమైనా తెలుస్తుందా?"

"తెలిస్తే ఏం చేస్తారు?"

"ఏం చెయ్యను. ఒకటడుగుతాను. డబ్బాలో పిలిచారట. పక్క మంచం ముసలావిడ చెప్పింది. ఆమెకు చెముడు, పేరు మటుకు అందింది, మిగతా మాటలు తెలియలేదు. పిలిచిన నర్సమ్మ వేరే ఊరు వెళ్ళిపోయింది, ఆ రాత్రి ఇక్కడ పడుకున్న మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళో. ఏమని పిలిచారో విన్న మనిషి లోకంలో ఆ పిల్ల ఒక్కతే." తాళాల గుత్తి ఒళ్ళోకి తీసుకుంది. "పోయాడు, వచ్చి తీసుకెళ్ళండి అని పిలిచారా? ఉన్నాడు, రండి అని పిలిచారా? నాకది కావాలి."

సంచి బాబాయి ఆమెవైపు చూడలేక గుమ్మంవైపు చూశాడు. గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. చేతిలో చీటీ. వానలో వచ్చింది, జుట్టు ముఖానికి అంటుకుని ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. కళ్ళు చూస్తే అంతా విన్నట్టే ఉంది.

"లోపలికి రామ్మా, తడుస్తున్నావు" అంది సత్రం ఆవిడ. "నువ్వేనా మేనకోడలివి?"

పిల్ల లోపలికి రాలేదు.

"మూడుసార్లు పిలిచారు" అంది.

సత్రం ఆవిడకు మొదట అర్థం కాలేదు. చీటీకోసం చాపిన చెయ్యి అలాగే ఉంది. ఆ చెయ్యి మెల్లగా దిగింది.

"మొదటిసారి పేరు చెప్పి, తాలూకువాళ్ళు వార్డుకు రావాలి అన్నారు. చదివినట్టు అన్నారు. రెండోసారి..." పిల్ల చేతిలో చీటీని మడత విప్పి మళ్ళీ మడిచింది. "రెండోసారి మామూలుగా మాట్లాడినట్టు అన్నారు. మెలకువగా ఉన్నాడు, ఇంటావిడ వచ్చిందా అని అడుగుతున్నాడు, ఎవరున్నా త్వరగా రండి అన్నారు. మూడోసారి డబ్బా గరగరమంది. ఎవరో ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది. మాటేం లేదు. కట్టేశారు."

డ్రైవరు టీ గ్లాసుతో వచ్చి, ముగ్గుర్నీ చూసి, వచ్చినంత చప్పుడు లేకుండా వెనక్కెళ్ళిపోయాడు.

"మెలకువగా ఉన్నాడా" అంది సత్రం ఆవిడ.

"ఉన్నాడన్నారు."

"వచ్చిందా అని అడిగాడు."

"అవును."

"నేను వస్తానని తెలుసు ఆయనకు. చొక్కాలు తేవడానికే కదా వెళ్ళాను. నీలంది తెమ్మన్నాడు." ఆమె గోడవైపు తిరిగింది. వీపు కనిపిస్తోంది. కోటు భుజాల దగ్గర గుడ్డ ఒకసారి లేచింది, పడింది. ఏడుపు బయటికి రానివ్వని మనిషి. బరువు మోసి మోసి అలవాటైన ఎద్దు చివరి గట్టు కూడా అలాగే ఎక్కుతుంది.

పిల్ల గుమ్మంలోనే కూలబడింది. "నన్ను కొట్టండి" అంది. "ఏదో ఒకటి చెయ్యండి."

"లే" అంది ఆవిడ, తిరక్కుండానే. "గుమ్మంలో కూర్చోకు. వచ్చేపోయేవాళ్ళకు అడ్డం."

తర్వాత తిరిగింది. ముఖం తుడుచుకోలేదు. చీటీ తీసుకుని దీపం దగ్గరగా పట్టుకుని చదివింది.

"రోగి పేరు?"

పిల్ల తల్లి పేరు చెప్పింది. గొంతు పీలగా వచ్చింది.

"నీకేమవుతుంది?"

"అమ్మ."

"సంతకం సరిగానే ఉంది." గుత్తిలోంచి ఒక తాళం వెతికి పట్టుకుంది. "మంచం నీకు."

"అమ్మా, ఆ పిల్లను వదిలెయ్యండి" అన్నాడు సంచి బాబాయి. "నేనుంటాను. అది రాత్రి నుంచి నిద్రపోలేదు."

"నిద్రపోవడానికి కాదు కదండీ ఈ మంచాలు."

ఆమె కోపంగా అనలేదు. పనివాడికి పని చెప్పినట్టు అంది.

"అమ్మ ఎవర్ని చూడాలంది?" అని పిల్లను అడిగింది.

"మా ఇద్దర్లో ఎవరైనా పర్లేదంది."

"అయితే నువ్వే. రా."

తడిక అవతలికి తీసుకెళ్ళింది. కిటికీ పక్క మంచం దగ్గర ఆగింది. పైన గోడమీదే డబ్బా. కిందటి వానాకాలం తను పడుకున్న ఆ మంచం చూసి పిల్ల రెండడుగులు వెనక్కు వేసింది. సత్రం ఆవిడ ఏమీ అనలేదు. మడిచిన దుప్పటి ఒకటి మంచమ్మీద పెట్టి, చెయ్యి దానిమీదే ఉంచి నిలబడింది. పిల్ల వచ్చి అంచుమీద కూర్చుంది. కాళ్ళు నేలమీదే ఉంచుకుంది. దుప్పటి ముట్టుకోలేదు.

* * *

గేటు మూసేవేళయింది. సంచి బాబాయి సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. గేటుమనిషి, ఎక్కడుంటారు పెద్దాయనా ఈ వానలో అన్నాడు. చూస్తాను అన్నాడు ఇతను. ఊళ్ళన్నిటిలో తల దాచుకోవడం తెలిసినవాడు. ఈ ఊళ్ళో తక్కువలో పడుకునే చోట్లు ఇంకా అయిదారు చెప్పగలడు. కాళ్ళు ఎటూ పోలేదు.

రోడ్డుకు అవతల టీకొట్టు చూరుకింద నిలబడ్డాడు. అక్కడినుంచి ఆసుపత్రి గోడమీదుగా సత్రం కిటికీ కనిపిస్తుంది. లోపల దీపం వెలిగింది. మంచం అంచుమీద పిచ్చుక, ఇందాకటిలాగే. కొంచెం ఎడంగా స్టూలు వేసుకుని సత్రం ఆవిడ. ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు లేదు. ఒకసారి ఆవిడ ఏదో ఇచ్చింది, పిల్ల తీసుకుంది. గ్లాసు కావచ్చు.

"టీ పొయ్యమంటారా?" అన్నాడు కొట్టువాడు.

"పొయ్యి."

"మీవాళ్ళు లోపలున్నారా?"

"ఉన్నారు" అన్నాడు. ఈ మాట ఎన్ని ఊళ్ళలో ఎన్నిసార్లు అన్నాడో. నోరు చేదుగా అయింది.

గ్లాసు అందుకుంటూ మళ్ళీ కిటికీవైపు చూశాడు. సత్రం ఆవిడ స్టూలుమీంచి లేచింది. తల పైకెత్తి గోడమీది డబ్బావైపు చూస్తోంది. వార్డు వరసలో పై అంతస్తున ఒక గదిలో దీపం వెలిగింది, పక్కగదిలో కూడా వెలిగింది. ఎవరో అటూ ఇటూ పరిగెత్తుతున్న నీడలు. వాన రేకుమీద దబదబా కొడుతోంది. డబ్బాలో ఏమంటున్నారో, అసలు ఎవరి పేరు పిలుస్తున్నారో, ఇంత దూరానికి ఒక్క ముక్క వినపడలేదు.

టీ చేతిమీద ఒలికింది. అతను రోడ్డుకు అడ్డంపడి గేటువైపు నడిచాడు, కిటికీమీంచి కళ్ళు తియ్యకుండా.

సత్రం ఆవిడ పిల్లవైపు తిరిగి నిలబడి ఉంది. చెయ్యి వేసి లేపలేదు. నోరు తెరిచి పిలవనూ లేదు. ఈసారి తనంతట లేస్తుందా అన్నట్టు ఊరికే చూస్తోంది.

పిల్ల ఇంకా మంచం అంచుమీదే కూర్చుని ఉంది.